ఆయాసం ఖాళీ లేదు

వైద్య విద్యకు ఉన్న ముఖ్యమైన ఆటంకం రోగులేనని శ్రీ సంపూర్ణారోగ్య వైద్య కళాశాల వారి పరిశోధనలో తేలింది. ఆ కళాశాల ద్రాక్షారామం వెళ్ళే దారిలో, పంట కాలువ పక్కన, నాలుగంతస్తుల మేడలో ఉంది. కింద ఆసుపత్రి, పైన తరగతులు, అన్నిటికంటే పైన వైద్య విద్యా పరిశోధన విభాగం. ఆ విభాగం అధిపతి డాక్టర్ ఉదయ్‌భాస్కర్ గారు. రేపటి డాక్టర్లను ఎలా తయారుచేయాలన్నదే ఆయన పరిశోధన. ఆయన రోగిని చూసి చాలా కాలమైంది కనుక, రోగుల విషయం పక్షపాతం లేకుండా ఆలోచించగలరని అందరూ అంటారు.

పరిశోధన సారాంశం ఇది. నిజమైన రోగులు వేళకు రారు. వచ్చినా జబ్బును పాఠంలో ఉన్న వరుసలో చెప్పరు. కడుపునొప్పితో మొదలుపెట్టి కోడలి దగ్గర ఆపుతారు. కొందరు పరీక్షకు ముందే కోలుకుని విద్యార్థుల భవిష్యత్తుతో ఆడుకుంటారు. మరికొందరు పాఠం సగంలో ఉండగా చనిపోయి తరగతికి అంతరాయం కలిగిస్తారు. ఇంత క్రమశిక్షణ లేని మనుషులను నమ్ముకుంటే దేశానికి మంచి డాక్టర్లు ఎలా వస్తారని ఉదయ్‌భాస్కర్ గారు ఒక సదస్సులో అడిగారు. 

అందువల్ల కళాశాల వారు రోగుల స్థానంలో శిక్షణ పొందిన రోగులను పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి జీతమిచ్చి ఒక జబ్బు కేటాయిస్తారు. దాన్ని ఎలా చెప్పాలో, ఎక్కడ మూలగాలో నేర్పి మంచం మీద పడుకోబెడతారు. విద్యార్థి వచ్చి, ప్రశ్నలడిగి, ఒళ్ళు పరీక్ష చేసి, ఆ జబ్బు కనిపెడతాడు. పరదేశాల్లో ఇలాంటివి అప్పుడప్పుడు చేస్తారట. ఏది మొదలుపెట్టినా విస్తరి నిండా వడ్డించడం గోదావరి వాళ్ళ అలవాటు కనుక, ఇక్కడ ఆసుపత్రి మొత్తం అలాగే నింపేశారు.

చుట్టుపక్కల ఊళ్ళకు దీనివల్ల మేలు జరిగింది. కాలువకు అవతల ఉన్న పెదలంకపాడులో ఇంటికొక జబ్బు వచ్చింది. మా వారికి ఈసారి పక్షవాతం ఇచ్చారండి అని ఒకావిడ పాలకేంద్రం దగ్గర చెబితే, మిగతావాళ్ళు లోపల కుళ్ళుకుంటూ చాలా సంతోషమండి అనేవారు. గుండెపోటు వచ్చినవాళ్ళు వీధిలో కాస్త నిదానంగా నడిచేవారు. గజ్జి వచ్చినవాళ్ళు ఆ సంగతి చుట్టాలకు తెలియనివ్వలేదు. తలనొప్పి దొరికిన సుబ్బాయమ్మ, అది మరీ చిన్న జబ్బని చిన్నబుచ్చుకుని, కనీసం వాంతులైనా కలపమని జబ్బులు పంచే కమిటీని వేడుకుంది. కమిటీ సానుభూతితో పరిశీలించి కలిపింది.

ఆ ఊళ్ళో నిజంగా జబ్బు ఉన్నది అప్పాజీ గారికి. అందుచేత ఆయనకు ఏదీ దొరకలేదు.

అప్పాజీ గారు తన పొలం తానే చేసుకునే రైతు. వేసవిలో దాళ్వా పంట కోతల నుంచి ఆయనకు ఆయాసం. చేను దాకా వెళ్ళేలోపు మధ్యలో ఆగి, ఏదో ఒక కొబ్బరి చెట్టును పట్టుకుని, కాపు ఎలా ఉందో చూస్తున్నట్టు పైకి చూస్తూ నిలబడేవారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవారు. పాదాలు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. చెప్పులు కుదించుకుపోయాయని ఆయన చెప్పుల కొట్టువాణ్ణి తప్పుపట్టారు. ఆయన భార్య మాణిక్యాంబ మాత్రం చెప్పులను అనుమానించలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఎవరైనా ఒక డాక్టరు ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి లోపల ఏముందో వినాలి.

ఆమె ఆయన్ని బలవంతాన ఆ కళాశాల ఆసుపత్రికే తీసుకెళ్ళింది. కింద ఓపీలో ఒక కుర్ర డాక్టరు గారు ఉన్నారు. ఆయన చిరునవ్వు నవ్వి, ఎలా ఉన్నారండి అని అడిగారు.

"బాగున్నామండి. తమరు బాగున్నారా? తమరిది ఏ ఊరండి?" అన్నారు అప్పాజీ గారు.

డాక్టరు గారిది నిడదవోలు. నిడదవోలు అనగానే అప్పాజీ గారికి అక్కడ బియ్యం మిల్లులో గుమస్తాగా చేసిన తన పినమామ గారు గుర్తొచ్చారు. ఆ పినమామ గారి వియ్యంకుడు ఈ డాక్టరు గారికి పెదనాన్న వరస అవుతారని కాసేపట్లో తేలింది. వరస కలిశాక అల్లుడి లాంటి మనిషి ముందు మన రోగాలు ఏకరువు పెట్టడం మర్యాద కాదు. అప్పాజీ గారు రొప్పుతూనే, ఇంటికి భోజనానికి రమ్మని ఆయన్ని పిలిచారు.

ఈయన మాట నమ్మకండి బాబూ, పడుకుంటే ఊపిరాడటం లేదు అని మాణిక్యాంబ అడ్డొచ్చింది. డాక్టరు గారు ఆమెను దయగా చూశారు. రోగి చెప్పిన మాటకే విలువ ఇవ్వాలని తమ కళాశాల పరిశోధనలో తేలిందని, ఆయన బాగున్నానని స్వయంగా చెబుతుంటే భార్య కాదనడం ఆయన గౌరవానికి భంగమని వివరించారు. చీటీ మీద బాగున్నారు అని రాసి, బలం మాత్రలు ఇచ్చారు.

బయటికి రాగానే మాణిక్యాంబ ఆగింది.

"ఎలా ఉన్నారంటే బాగున్నామంటారేంటండీ? బాగుంటే ఇక్కడికెందుకొచ్చాం, పెళ్ళి భోజనానికా?"

"మరేమనాలే? పలకరించిన మనిషి మొహం మీదే బాగోలేదని ఎలా అంటాం," అన్నారు అప్పాజీ గారు, స్తంభాన్ని పట్టుకుని కాపు చూస్తూ. పైన కాపేమీ లేదు, ఫ్యాను ఉంది.

ఆయన్ని అక్కడ బల్ల మీద కూర్చోబెట్టి మాణిక్యాంబ పై అంతస్తుకు వెళ్ళి చూసింది. అక్కడ సుబ్బాయమ్మ తెల్లటి దుప్పటి మీద పడుకుని ఉంది. చుట్టూ విద్యార్థులు. ఒకడు చేతులు కడుక్కుని వచ్చి తన పేరు చెప్పుకున్నాడు. ఒకతె కళ్ళల్లో లైటు వేసి చూసింది. ఒకడు చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టాడు. గుండె విన్నారు, వీపు విన్నారు, పొట్ట నొక్కారు. మీ బాధ నేను అర్థం చేసుకోగలను అని ఒక్కొక్కరూ భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. లేని తలనొప్పికి జరుగుతున్న ఆ వైభవాన్ని మాణిక్యాంబ గుమ్మం దగ్గర నిలబడి, పిలుపు లేని పెళ్ళి పందిట్లోకి చూస్తున్నట్టు చూసింది.

ఆసుపత్రిలో వైద్యం దొరకాలంటే ముందు అందులో రోగిగా ఉద్యోగం దొరకాలని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇది అర్థం కావడానికి చదువు అక్కర్లేదు.

ఆయన చేత దరఖాస్తు పెట్టించింది. రోగుల ఎంపికలు నాలుగో అంతస్తులో జరిగాయి. లిఫ్టు ఢిల్లీ నుంచి పరిశీలకులు వచ్చినప్పుడు మాత్రమే తిరుగుతుంది కనుక అప్పాజీ గారు మెట్లెక్కారు. హాల్లోకి వచ్చేసరికి ఆయనకు నోట మాట లేదు. పెదాలు నల్లబడ్డాయి. కమిటీ బల్ల వెనక ఉదయ్‌భాస్కర్ గారు, ఆయన పక్కన గున్నేశ్వరరావు గారు కూర్చున్నారు. గున్నేశ్వరరావు గారు పద్య నాటకాల్లో రాజు వేషాలు వేసి పేరు తెచ్చుకున్న మనిషి. నాటకాలు తగ్గాక ఈ కళాశాలలో బాధాభినయ శాఖకు ఆచార్యులుగా చేరారు. జబ్బు ఎలా ఉండాలో నిర్ణయించేది ఆయనే.

అప్పాజీ గారు రొప్పుతూ నిలబడటం చూసి, చెప్పకముందే మొదలుపెట్టేశారే అని ఉదయ్‌భాస్కర్ గారు మెచ్చుకున్నారు. గున్నేశ్వరరావు గారు పెదవి విరిచారు.

"ఆయాసం అరువు తెచ్చుకున్నట్టుందండి. ఒంట్లో ఉంది కానీ కళ్ళలో లేదు. వెనక వరస వాళ్ళకి అందదు."

అని ఊరుకోకుండా ఆయన లేచి, కండువా సర్దుకుని, ఆయాసం ఎలా ఉంటుందో చూపించారు. కుడిచెయ్యి గుండె మీద వేసి, ఒక మోకాలు నేలకు ఆనించి, తల ఎడమకు తిప్పి, ఊపిరిని రాగంలా సాగదీసి, చివర్లో తెంపారు. హాలంతా చప్పట్లు. అప్పాజీ గారు కూడా గోడకు ఆనుకుని, అందినంత ఊపిరితో చప్పట్లు కొట్టారు. కళాకారుణ్ణి ఎదురుగా పెట్టుకుని ఊరుకోవడం ఆయనకు రాదు.

ఆయాసం ప్రస్తుతం ఖాళీ లేదని ఉదయ్‌భాస్కర్ గారు మాణిక్యాంబకు చెప్పారు. దాన్ని గున్నేశ్వరరావు గారే స్వయంగా చేస్తున్నారు. మీ వారు ఇందాక మెట్ల మీద కూర్చోవడం కెమెరాలో చూశాం, మోకాలి నొప్పి ఇస్తాం అన్నారు.

"ఆయన మోకాళ్ళు బాగానే ఉన్నాయండి. ఆయాసమేనండి ఉన్నది," అంది మాణిక్యాంబ.

"అందుకేనమ్మా. మోకాళ్ళు బాగున్నవాళ్ళకే మోకాలి నొప్పి ఇస్తాం. ఆయాసం ఉన్నవాళ్ళకి ఆయాసం ఇస్తే పాఠం మధ్యలో తమ సొంత ఆయాసం కలిపేస్తారు. విద్య కలుషితమవుతుంది."

మాణిక్యాంబ లెక్క వేసుకుంది. మోకాలితో మొదలుపెట్టినా పైకి వస్తారు కదా, మోకాలు చూసిన చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు ఛాతీ దాకా రాకపోతుందా అనుకుంది. తనను ఆయన పక్కన ఉండనిస్తే చాలని అడిగింది. అదృష్టవశాత్తూ మోకాలి నొప్పికి రోగి భార్య అనే చిన్న పాత్ర ఒకటి ఉంది. దానికి ఒకటే మాట: అవునండి, మెట్లెక్కలేరు. మాణిక్యాంబ ఆ మాట చెప్పి చూపించింది. గున్నేశ్వరరావు గారికి నచ్చలేదు. ఆవిడ ఆయన భార్యలా లేదన్నారు. భార్య గొంతులో ఇంత కోపం ఉండదని, దానికి సుబ్బాయమ్మ అయితే సరిపోతుందని ఆయన అభిప్రాయం. సుబ్బాయమ్మ మొన్ననే సంపాదించుకున్న వాంతులను వదులుకోనని తేల్చి చెప్పడంతో, ముప్పయ్యేళ్ళకు పైగా అప్పాజీ గారి భార్యగా ఉన్న మాణిక్యాంబకు తాత్కాలిక పద్ధతిలో ఆ స్థానం దక్కింది. విధి నిర్వహణలో ఉండగా కేటాయించిన జబ్బు తప్ప వేరే జబ్బు కలిగి ఉండనని అప్పాజీ గారు హామీ ఇచ్చారు.

శిక్షణలో ఆయన మంచి పేరు తెచ్చుకోలేదు. మోకాలు పట్టుకుని బాగానే కుంటేవారు గానీ, నాలుగడుగులు కుంటాక రొప్పేవారు. మోకాలివాడు రొప్పకూడదని రోజూ మందలించారు. ఆయన సిగ్గుపడి, ఊపిరి బిగబట్టి కుంటడం నేర్చుకున్నారు.

ఇంటి దగ్గర మాణిక్యాంబ శిక్షణ వేరుగా ఉండేది. పరీక్ష రోజున పిల్లలెవరైనా ఎలా ఉన్నారని అడిగితే, ముందు ఆయాసం సంగతి చెప్పి ఆ తర్వాతే మోకాలి దగ్గరకు వెళ్ళాలని ఆమె పట్టుబట్టింది.

"ఏదీ, నేను డాక్టర్ని. ఎలా ఉన్నారండీ?"

"బాగున్నానండి."

"నా మొహం. మళ్ళీ చెప్పండి."

"అది కాదే. మోకాలని మాటిచ్చాం. ఆ పిల్లలు మోకాలి కోసం చదువుకుని వస్తారు. మధ్యలో మన ఆయాసం తెచ్చి పడేస్తే పాపం వాళ్ళేమైపోతారు? ఒకళ్ళ పిల్లలు ఫెయిలవడానికి మనం కారణం కావాలా?"

మాణిక్యాంబ ఆయన వైపు చూసింది. మాట్లాడేసరికి ఆయన మెడ నరం ఎగిరెగిరి పడుతోంది. కోపం వచ్చి ఏడవబోయి, ఏడుపు వచ్చి తిట్టింది.

ఆఖరి సంవత్సరం పరీక్షల రోజున లిఫ్టు తిరిగింది. ఢిల్లీ పరిశీలకులు వచ్చారు. మెడలో బంతిపూల దండలు, చేతుల్లో ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలతో వాళ్ళు ముందు వరసలో కూర్చున్నాక ఉదయ్‌భాస్కర్ గారు మాట్లాడారు.

"అధ్యక్షా, పూజ్యులారా. ఒకప్పుడు విద్యార్థి రోగి కోసం ఎదురుచూసేవాడు. రోగి జబ్బు కోసం ఎదురుచూసేవాడు. ఈ అనిశ్చితికి మనం స్వస్తి పలికాం. జబ్బు లేని రోగి, అనుమానం లేని డాక్టరు, అపజయం లేని పరీక్ష. ఈ మూడూ సాధించాక వైద్య విద్యలో సాధించడానికి ఏం మిగిలిందని నేను సవినయంగా అడుగుతున్నాను."

ఏమీ మిగల్లేదని పరిశీలకులు తలలూపారు. గంట మోగింది.

పరీక్ష పద్ధతి చాలా చక్కనిది. హాల్లో వరసగా తెరలు కట్టిన గదులు. ఒక్కో గదిలో ఒక జబ్బు. గంట మోగగానే విద్యార్థి లోపలికి వస్తాడు, మళ్ళీ మోగగానే పక్క గదికి వెళ్తాడు. ప్రతి గది మూలలో ఒక పరీక్షకుడు కూర్చుని, చేసినదానికల్లా టిక్కు పెడతాడు. చేతులు కడిగితే ఒక మార్కు, పేరు చెబితే ఒక మార్కు, భుజం మీద చెయ్యి వేస్తే రెండు.

మోకాలి గదిలోకి మొదట దుర్గాసాయి వచ్చాడు. ఆ తరగతిలో మొదటి ర్యాంకు అతనిదే. చేతులు కడిగాడు. భుజం మీద చెయ్యి వేశాడు. మీ బాధ నేను అర్థం చేసుకోగలను తాతగారూ అన్నాడు. నడిపించి చూశాడు, మోకాలు వంచి చూశాడు. మాణిక్యాంబ చెప్పాల్సిన మాటకు ముందు ఒక దగ్గు దగ్గి, ఛాతీ వైపు కళ్ళతో సైగ చేసింది. దుర్గాసాయి ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అతనికి పూర్తి మార్కులు వచ్చాయి. అతని తర్వాత మరొకడు, మరొకతె. ప్రతి ఒక్కరూ అప్పాజీ గారిని లేపి నడిపించారు. ప్రతి ఒక్కరూ ఆయన బాధ అర్థం చేసుకున్నారు. ఊపిరి బిగబట్టి కుంటి కుంటి ఆయన గోళ్ళు నీలంగా మారాయి. నొప్పి మొహంలో బాగా పలుకుతోందని పరీక్షకుడు పక్కన రాసుకున్నాడు.

అప్పుడు ఇంద్రజ వచ్చింది. తరగతిలో చివరి బెంచీ పిల్ల. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. మీ బాధ నేను అర్థం చేసుకోగలను అనడం ఆమెకు నోరు తిరగదు. అర్థం కాకుండా ఎలా అనడమని ఆగిపోయేది, అందువల్ల ఎప్పుడూ మార్కులు పోయేవి. ఆ రోజు కూడా చేతులు కడుక్కుని, పేరు చెప్పడం మరిచిపోయి, తిన్నగా మోకాలి దగ్గర కూర్చుంది. మోకాలు వంచడానికి కింద చెయ్యి వేసి కాలు పట్టుకుంది. వదిలేసరికి కాలి మీద ఆమె వేళ్ళు దిగిన చోట గుంటలు పడి ఉన్నాయి. అవి పూడలేదు.

ఇంద్రజ వాటిని చూస్తూ ఉండిపోయింది. నీరు పట్టిన కాళ్ళకు పడే గుంటల గురించి చదివింది గానీ ఎప్పుడూ చూడలేదు. శిక్షణ పొందిన రోగుల కాళ్ళకు గుంటలు పడవు.

"తాతగారూ, ఆయాసంగా ఉందాండి?" అంది నెమ్మదిగా.

పరీక్షకుడు తలెత్తాడు. అది మోకాలి ప్రశ్న కాదు. అప్పాజీ గారు ఇబ్బందిగా అటూ ఇటూ చూశారు.

"ఈ గదిలో లేదమ్మా," అన్నారు.

మాణిక్యాంబ లేచి నిలబడింది.

"ఉందమ్మా. దాళ్వా కోతల నుంచి ఉంది. పడుకుంటే ఊపిరాడదు. రోజూ కూర్చునే తెల్లారుస్తున్నారు. ఎవరూ వినిపించుకోలేదు తల్లీ. నువ్వొక్కసారి గొట్టం పెట్టి విను."

ఇది రోగి భార్యకు ఇచ్చిన మాట కాదు. పరీక్షకుడు పెన్ను కింద పెట్టేశాడు. ఇంద్రజ అప్పాజీ గారి వీపు మీద గొట్టం పెట్టింది. ఊపిరితిత్తుల అడుగున, మరుగుతున్న ఎసరులా చప్పుడు. గంట మోగింది. ఆమె కదల్లేదు. మళ్ళీ మోగించారు. తరువాతి విద్యార్థి తెర పట్టుకుని నిలబడ్డాడు. పక్షవాతం, గుండెపోటు, పచ్చకామెర్లు అన్నీ ఆగిపోయాయి. ఉదయ్‌భాస్కర్ గారు, ఆయన వెనక పరిశీలకులు, వాళ్ళ వెనక గున్నేశ్వరరావు గారు పరుగున వచ్చారు.

"సార్," అంది ఇంద్రజ, "ఈయనకి నిజంగానే జబ్బుంది సార్."

ఆ మేడ కట్టిన దగ్గర నుంచి దానిలో ఎవరూ అనని మాట అది. ఉదయ్‌భాస్కర్ గారి మొహం పాలిపోయింది. ఆసుపత్రిలోకి రోగి ఎలా వచ్చాడని సెక్యూరిటీని అడిగారు. ఈలోగా అప్పాజీ గారు, అందరూ తన కోసం నిలబడి ఉన్నారని మర్యాదకు లేవబోయి, మంచం మీదికి ఒరిగిపోయారు. ఢిల్లీ పరిశీలకులు చప్పట్లు కొట్టారు. గున్నేశ్వరరావు గారు మాత్రం కొట్టలేదు. ఆయన ముందుకు వంగి చూసి, "ఇప్పుడు కళ్ళలోకి వచ్చిందండి," అన్నారు మెచ్చుకోలుగా.

ఇంద్రజ, మాణిక్యాంబ చెరో పక్క పట్టుకుని ఆయన్ని కింద ఎమర్జెన్సీ వార్డుకు దించారు. వార్డు కళకళలాడుతోంది. పరిశీలకులు చూస్తారని ప్రతి మంచం మీదా ఒక శిక్షణ పొందిన రోగిని పెట్టారు. అందరూ పెదలంకపాడు వాళ్ళే. అప్పాజీ గారిని చూడగానే అందరూ సెలైను గొట్టాలతో సహా లేచి నిలబడ్డారు.

"రండి బావగారూ, ఇలా పడుకోండి," అన్నాడు కోమాలో ఉన్న బుల్లియ్య.

"ఎంతమాట. తమరు పడుకోండి. నేను కింద కూర్చుంటాను," అన్నారు అప్పాజీ గారు, ఊపిరికీ ఊపిరికీ మధ్య.

"మీరు కింద కూర్చుంటే మేం పైన పడుకుంటామాండి. ఆయ్, అదెక్కడి మాట."

ఇలా ఒక్కో మంచం దగ్గరా జరిగింది. ఒకరి మంచం ఒకరు తీసుకోరు, తీసుకోకపోతే ఒకరు ఊరుకోరు. చివరికి వార్డు ఇన్‌చార్జి వచ్చి, లెక్క ప్రకారం పడకలన్నీ నిండాయని, లెక్క చెడితే కళాశాల గుర్తింపు పోతుందని చెప్పి సమస్య పరిష్కరించాడు. కోమా వాళ్ళంతా బాధగా మళ్ళీ కోమాలోకి వెళ్ళిపోయారు.

గేటు బయట ఆటో దొరికింది. ఇంద్రజ తెల్లకోటుతోనే ఎక్కింది. ఇంకా సగం గదులు మిగిలే ఉన్నాయి, ఇప్పుడు వెళ్తే పరీక్ష పోతుందని వెనక నుంచి ఎవరో అరిచి చెప్పారు. ఆమె విన్నది. కాకినాడ దాకా అప్పాజీ గారి వీపు తన భుజానికి ఆనించుకుని, ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి పట్టుకుంది. మాణిక్యాంబ ఆయన చేతిని వదల్లేదు. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా అప్పాజీ గారు ఆ అమ్మాయికి క్షమాపణ చెబుతూనే ఉన్నారు.

కాకినాడలో ఒక ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది. ఆమె ఎలా ఉన్నారని అడగలేదు. పేరు చెప్పలేదు, భుజం మీద చెయ్యి వేయలేదు. కాళ్ళు చూసి, వీపు విని, గుండె బలహీనపడి ఒళ్ళంతా నీరు పట్టేదాకా గాడిదలు కాస్తున్నారా అని మాణిక్యాంబను తిట్టింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టించి, నరానికి ఇంజెక్షన్ చేయించింది. సాయంత్రానికి ఒంట్లో నీరు చాలా మటుకు దిగి, అప్పాజీ గారు చాలా కాలం తర్వాత వెల్లకిలా పడుకున్నారు. మాణిక్యాంబ ఆయన పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చుంది.

"ఏం మనిషే ఆవిడ. మీది ఏ ఊరని ఒక్క మాటైనా అడగలేదు," అన్నారు అప్పాజీ గారు కళ్ళు మూసుకునే.

కళాశాలలో విచారణ జరిగింది. ఇంద్రజ పేరు చెప్పలేదు, బాధ అర్థం చేసుకోలేదు, గంటను ధిక్కరించింది, తనకు కేటాయించని అవయవాన్ని ముట్టుకుంది, మోకాలి నొప్పిని గుర్తించనేలేదు. అందుచేత ఆమెను ఫెయిల్ చేశారు. దుర్గాసాయికి బంగారు పతకం ఇచ్చారు. నిజమైన రోగి ఒక్కడు చొరబడితే మొత్తం పరీక్షా విధానం ఎలా దెబ్బతింటుందో వివరిస్తూ ఉదయ్‌భాస్కర్ గారు ఒక వ్యాసం రాశారు. దానికి పెద్ద బహుమతి వచ్చింది. అప్పటి నుంచి ఆ ఆసుపత్రి గేటు దగ్గర, లోపలికి వచ్చేవారు పూర్తి ఆరోగ్యంగా ఉన్నట్టు వేరే ఆసుపత్రి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలనే నిబంధన పెట్టారు. పెదలంకపాడు వాళ్ళు మాణిక్యాంబతో మాట్లాడటం తగ్గించారు. ఇంటికొక జబ్బు ఇచ్చిన కళాశాలను పరిశీలకుల ముందు నవ్వులపాలు చేసిందని వాళ్ళ బాధ. అప్పాజీ గారు నడక వచ్చాక మొట్టమొదట చేసిన పని, ఉదయ్‌భాస్కర్ గారి ఇంటికి తాపేశ్వరం కాజాలు పట్టుకెళ్ళి, మోకాలి విషయంలో మాట తప్పినందుకు మన్నించమని అడగడం.

ఇంద్రజ రెండోసారి రాసి, అందరి కంటే తక్కువ మార్కులతో గట్టెక్కింది. తరువాత కొంతకాలానికి రామచంద్రపురంలో బస్సులు ఆగే చోట చిన్న గది తీసుకుని బోర్డు పెట్టింది. రోడ్డుకు అవతలి వైపు, అద్దాల మేడలో దుర్గాసాయి క్లినిక్ ఉంది. బంగారు పతకం ఫోటో గుమ్మం మీదే ఉంటుంది.

అప్పాజీ గారి గుండెను నెలకోసారి ఎవరో ఒకరు చూడాలి. కాకినాడ దూరం. ఒక ఉదయం ఇద్దరూ రామచంద్రపురంలో బస్సు దిగారు. మాణిక్యాంబ ఇంద్రజ గది వైపు నడిచింది. లోపల ఆ అమ్మాయి ఒక్కతే, మెడలో గొట్టంతో, గుమ్మం వైపే చూస్తూ కూర్చుని ఉంది. అప్పాజీ గారు రోడ్డు మధ్యలో ఆగిపోయారు.

"మంచి పిల్లే, కాదనను. కానీ ఒకసారి తప్పిందంటగా. గుండె వ్యవహారం కదే."

మాణిక్యాంబ ఆయన్ని కడిగిపారేయడానికి నోరు తెరిచింది. తెరిచి, అటు చూసింది. దుర్గాసాయి క్లినిక్ ముందు జనం మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశారు. కుర్చీలు చాలక గొడుగులు వేసుకుని నిలబడ్డారు. ఫోనుల్లో రేటింగు నక్షత్రాలు చూసుకుని అమలాపురం నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఇటు చూసింది. ఖాళీ బెంచీ. చదువుకున్నవాళ్ళు, కార్లున్నవాళ్ళు, ఇంతమంది ఏమీ తెలియకుండానే వస్తారా అని ఆమెకు మొదటిసారి సందేహం కలిగింది. ఇంద్రజ ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడింది. మాణిక్యాంబ చూడనట్టు కొంగు సర్దుకుని, భర్త చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది.

వాళ్ళకు టోకెను దొరికింది గానీ కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఆ వరసలో ముందు కుర్చీల్లో ఉన్నది ఇది చదువుతున్న మీరే కనుక, కాస్త జరిగి ఆ పెద్దాయనకు చోటివ్వండి.